గిర్నీ ఇంట్లో పిరికి పులి

మా బజారుకు కొత్తగా వచ్చినవాళ్లు అన్నపూర్ణక్క ఇల్లెక్కడని అడిగితే మేం వేలు పెట్టి చూపించం. "చెవులు లేవా? ఆ చప్పుడెంబడి పో" అంటాం. భోపాల్‌పట్నంలో గిర్నీ అంటే వాళ్లదే. వడ్లు పట్టినా, మొక్కజొన్నలు పట్టినా, మిరపకాయలు పట్టినా అన్నీ ఆ పాత డీజిల్ ఇంజను మీదే. కరెంటు మోటారు కూడా ఒకటి కొన్నారు. కానీ మా ఊరి కరెంటు కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక ఉంటుందో అలిగి పోతుందో చెప్పలేం. అందుకని ఇంజనునే నమ్ముకున్నారు. అది మోగితే ఎదురుగా ఉన్న నా బట్టల దుకాణంలో అద్దాలు గలగలలాడతాయి. గిరాకీతో బేరం సైగలతోనే చేయాలి.

అన్నపూర్ణక్క పుట్టిల్లు గోదావరి అవతల, తెలుగు రాష్ట్రంలోని మంథని. పెళ్లయి ఇటు వచ్చాక పేరుకు తగ్గ పని దొరికిందని మేమంతా ఆటపట్టిస్తాం. భర్త కాశీవిశ్వనాథం బావ అరుగు మీద కూర్చుని నాలుగు ఊళ్ల కబుర్లు పోగేస్తాడు. ఇంజను పనంతా అక్కదే. కొంగు నడుముకు బిగించి హ్యాండిల్ తిప్పిందంటే రెండో చుట్టుకు ఇంజను అందుకోవాల్సిందే. ఆవిడకు ఇంకో విద్య కూడా ఉంది. గడప ఎక్కిన మనిషి మొహం చూసి భాష మారుస్తుంది. సర్కారీ బాబు వస్తే హిందీ, జగదల్‌పూర్ వైపు వాళ్లొస్తే హల్బీ, అడవి ఊళ్ల నుంచి దోర్ల ఆడవాళ్లు వస్తే దోర్లీ, మాతో తెలుగు. ఎవరి మాట వాళ్లకి, ఎవరి పిండి వాళ్లకి.

ఇక ఈ కథలో ఒక కుక్క ఉంది. నాకు కుక్కలంటే గిట్టదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే కుక్కను నేను మెచ్చుకున్నానంటే అందులో పైసా అబద్ధం ఉండదని మీకు తెలియాలి.

ఆ కుక్క సుక్కి ఇంట్లో పుట్టింది. సుక్కి ఉసూర్ వైపు ఊళ్లో దోర్ల రైతు. సంత రోజున వడ్ల మూటతో జీపు దిగి నేరుగా గిర్నీకి వస్తుంది. కిందటేడు తొలకరిలో వాళ్ల ఇంటి పక్కనున్న ఇప్పచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు కింద పడుకున్న తల్లి కుక్క, పిల్లలు పోయాయి. ఇదొక్కటే మిగిలింది. అప్పటి నుంచి ఆకాశం ఉరిమితే చాలు, కాళ్లు ఎటు తీసుకుపోతే అటు పరుగు. అడవికి వెంట రాదు, ఇంటికి కాపలా ఉండదు. ఎవరికైనా ఇచ్చేద్దామని సుక్కి సంతకు తెస్తే, అది ఆవిడ చేతిలోంచి జారి గిర్నీలో మూటల సందున దూరింది. ఆ రోజు బెల్టు తెగి ఇంజను ఆగి ఉంది. లోకంలో ఇన్ని ఇళ్లుండగా, చప్పుడంటే చచ్చే కుక్క ఏరి కోరి గిర్నీని ఎంచుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

గోధుమ రంగు ఒంటి మీద నల్లటి చారలున్నాయని అక్క దానికి పులిగాడని పేరు పెట్టింది. చారలైతే ఉన్నాయి గానీ పులి గుణం ఒక్కటీ లేదు. మర్నాడు బెల్టు వేసి ఇంజను మోగించగానే పులిగాడు ఊరి చివర బడి గోడ వెనక తేలాడు. ఇంజను ఆగాక తోక కాళ్ల మధ్య పెట్టుకుని తిరిగి వచ్చాడు. రోజూ ఇదే వరస. నేను నవ్వాను, బజారంతా నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. కూతురు సాయిశ్రీ జగదల్‌పూర్‌లో కాలేజీలో చేరింది. బావ కబుర్లన్నీ బజారులోనే ఖర్చు చేసి ఇంటికి ఖాళీగా వస్తాడు. ఇంజను ఆగాక ఆ ఇంట్లో అక్క చెప్పేది వినే ప్రాణి పులిగాడొక్కడే. వాడు తల పక్కకు వంచి మరీ వినేవాడు.

కిందటేడు దీపావళికి మొదటి టపాకాయ పేలగానే వాడు కనిపించకుండా పోయాడు. బావ స్కూటరేసుకుని రోజుల తరబడి వెతికాడు. చివరికి జగదల్‌పూర్ రోడ్డు పక్కన తుప్పల్లో దొరికాడు. ఏదో లారీ తగిలి వెనక కాలు విరిగింది. బావే తన తువ్వాలులో చుట్టి తెచ్చాడు. కాలు అతుక్కున్నాక ఒక రోజు అరుగు మీద నా ముందే తన తీర్పు చెప్పాడు.

"సూడు, రోడ్డు మీద లారీ కింద నలిగితే ఏరుకొచ్చే శక్తి నాకు లేదు. వచ్చే దీపావళికి గూడ ఇట్లనే ఉరికిందనుకో, ఇంద్రావతి ఒడ్డున మన చేను కాడ ఇడిసిపెట్టి వస్త. ఆడ చప్పుడుండది."

"ఆడ చిరుతపులి ఉంటది" అంది అక్క.

"చప్పుడైతే ఉండది గద" అన్నాడు బావ, మొహం అటు తిప్పుకుని.

చేను కాడ కుక్క ఎన్నాళ్లు బతుకుతుందో మా అందరికీ తెలుసు. బావకూ తెలుసు. అక్క పులిగాడి తల మీద చేయి వేసి కూర్చుంది. దీపావళి లోపల వాడి భయం పోవాలి, లేకపోతే వాడు పోవాలి.

సాయిశ్రీకి ఫోన్ చేస్తే ఆ పిల్ల ఎవరినో అడిగి ఉపాయం చెప్పింది. "అమ్మా, అది భయపడ్డంక బుజ్జగించుడు కాదు. మస్తు దూరంల, మెల్లగ చప్పుడు చెయ్యి. అది భయపడకముందే దానికి బాగా ఇష్టమైంది పెట్టు. దినాం కొంచెం కొంచెం దగ్గరికి తే."

ఇష్టమైనదేంటో కనుక్కోవడానికే చాలా తంటా అయింది. రొట్టె వాసన చూసి వదిలేశాడు. పెరుగన్నం తిన్నాడు గానీ మర్యాద కోసం తిన్నట్టు తిన్నాడు. సుక్కిని అడిగితే "గుడ్డు పెట్టు, పానం ఇస్తది" అంది. మా కోమటి ఇళ్లల్లో గుడ్డు గడప దాటదు. అక్క ఒక రోజంతా ఆలోచించింది. ఆ ఇంజను నెత్తిన నీళ్ల తొట్టి ఒకటి ఉంటుంది, ఇంజను వేడెక్కకుండా నీళ్లు పోస్తారు. గంటసేపు తిరిగితే ఆ నీళ్లు సలసలా కాగుతాయి. అక్క ఒక గుడ్డును గుడ్డపీలికలో మూటకట్టి తొట్టిలోకి వదిలింది.

బావ లబోదిబోమన్నాడు. "ఏందే ఇది? మన ఇంట్ల గుడ్డా?"

"ఇంట్ల ఏడుంది? గిర్నీల ఉంది. గిర్నీ ఏమన్న వంటిల్లా?"

వాదనలో అక్కను గెలిచినవాడు మా బజారులో ఇంకా పుట్టలేదు.

ఈ ఏర్పాటులో గొప్పతనం ఏంటంటే, ఇంజను మోగితేనే గుడ్డు ఉడుకుతుంది. ఇంజను ఆగితే గుడ్డు లేదు. ఏ కుక్కకైనా ఎప్పటికో ఒకప్పటికి ఈ లెక్క అర్థం కావాల్సిందే. మొదట అక్క వేడి గుడ్డు కొంగులో పట్టుకుని బడి గోడ దాకా నడిచి వెళ్లి పెట్టేది. చప్పుడు అక్కడికి సన్నగా వినిపించేది. తర్వాత సైకిల్ షాపు దగ్గర పెట్టింది. తర్వాత నా దుకాణం మెట్ల మీద. చీరలు కొనడానికి వచ్చినవాళ్లు కుక్కను దాటుకుని రావాలా అని నేను గొణిగాను. "నీ చీరలకంటే వాడి చారలే నయం" అంది అక్క. ఇంజను వేగం తగ్గించి నడిపి, వాడు కుదురుకున్నాక కొంచెం కొంచెం పెంచేది. మధ్యాహ్నం పూట ఫోన్‌లో టపాకాయల చప్పుడు సన్నగా పెట్టి ఇంకో ముక్క తినిపించేది. వానలు ముదిరేసరికి పులిగాడు గిర్నీ వాకిట్లో పడుకుని, తొట్టి వైపు చూస్తూ చొంగ కార్చే దాకా వచ్చాడు. ఉరుము ఉరిమితే వణికేవాడు గానీ పారిపోయేవాడు కాదు.

"గెలిచినట్టే" అన్నాను నేను. నా నోరు మంచిది కాదు.

గణపతి నిమజ్జనం రోజున ఊరేగింపు మా వీధిలోకి మలుపు తిరిగింది. ట్రాక్టరు మీద డీజే డబ్బాలు. నా దుకాణంలో మడతపెట్టిన బట్టలు అరల్లోంచి జారిపడ్డాయి. పులిగాడు లేచి నిలబడ్డాడు. పారిపోలేదు. చెవులు వెనక్కి వాల్చి అక్క కోసం చూశాడు. అక్క గిర్నీ లోపలి నుంచి పరుగున వచ్చి, రెండు చేతులూ చాచి "దా! దా బిడ్డా, దా!" అని పిలిచింది.

వాడు వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

అక్క వెంటపడింది. "దా! దా!" అని ఎంత గట్టిగా అరిస్తే వాడు అంత దూరం ఉరికాడు. పెద్ద రోడ్డు మీద లారీ ఒకటి కీచుమని బ్రేకు వేసి ఆగింది. డ్రైవరు తిట్టిన తిట్లు మా అందరికీ వినిపించాయి. లారీ ముందు చక్రానికి జానెడు దూరంలో పులిగాడు నేలకు కరుచుకుని పడి ఉన్నాడు. అక్క వాణ్ని చంకనెత్తుకుని వచ్చింది. పరుగులో పడి ఆవిడ మోకాళ్లు రెండూ దోక్కుపోయి ఉన్నాయి.

బావ ఇంద్రావతి వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు. అది మరీ భయంగా ఉంది. అక్క ఆ రాత్రి అన్నం తినలేదని మర్నాడు ఆయనే వచ్చి నాతో చెప్పాడు. "నా మొకం సూసి ఉరికింది పిల్లా" అంది అక్క నాతో. "చప్పుడు సూసి కాదు. నన్ను సూసి ఉరికింది." ఆవిడను అంతగా బాధపెట్టింది అదే. వాడి భయాన్ని భరించింది గానీ, వాడు తనను చూసి పారిపోవడాన్ని భరించలేకపోయింది.

తర్వాతి సంతకు సుక్కి వడ్ల మూట దించి, అక్క మొహం చూసి "ఏంది సావుకారమ్మా, గట్లున్నవు?" అంది. అక్క జరిగిందంతా చెప్పింది. నేను కూడా అక్కడే ఉన్నాను.

సుక్కి శ్రద్ధగా విని అడిగింది, "నువ్వు ఏమని పిల్చినవు?"

"ఏమని పిలుస్త? దా, దా అన్న."

సుక్కి నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక వడ్ల మూట మీద కూలబడి నవ్వింది. "నువ్వే పొమ్మన్నవు, అది పోయింది! చిన్నప్పుడు ఎండబోసిన వడ్ల మీదికి వస్తె 'దా!' అని కొట్టేటోళ్లం. గట్టిగంటె దూరం ఉరికేది. చెప్పిన మాట ఇన్నదాన్ని పట్టుకుని పిరికిది అంటవేంది?"

అక్క చేయి నుదుటి మీదకు పోయింది. మా తెలుగులో దా అంటే రా. సుక్కి వాళ్ల మాటలో దా అంటే పో. అక్కకు ఇది తెలియక కాదు. దోర్ల ఆడవాళ్లు ఆ మాట అనడం గిర్నీ వాకిట్లో రోజూ వింటూనే ఉంది. వచ్చిన ప్రతి మనిషికీ వాళ్ల భాషలో బదులు చెప్పే మనిషి, పులిగాడితో మాత్రం తన పుట్టింటి మాట మాట్లాడింది. కన్నబిడ్డతో ఎవరైనా అలాగే మాట్లాడతారు. కుక్కకు కూడా ఒక అమ్మభాష ఉంటుందని ఎవరికి తోస్తుంది? ఇంతకాలం ఈ తప్పు బయటపడకపోవడానికి కారణం కూడా ఉంది. ఆకలేళకు గిన్నె చప్పుడు వింటే వాడే వచ్చేవాడు. గుడ్డును అక్కే మోసుకెళ్లి పెట్టేది. వాణ్ని పిలవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

"మరి రమ్మనాలంటే?"

"వా" అంది సుక్కి. మెల్లగా, మామూలుగా అంది.

మూటల వెనక ముడుచుకుని పడుకున్న పులిగాడు తల ఎత్తాడు. నిమజ్జనం రోజు నుంచి మనిషి దగ్గరికే రానివాడు లేచి, ఒళ్లంతా ఊపుకుంటూ సుక్కి కాళ్ల దగ్గరికి వచ్చాడు. అప్పుడు అక్క అంది, "వా." వాడు విన్నాడు. వచ్చి ఆవిడ దోక్కుపోయిన మోకాలు నాకాడు. అక్క ఏడవడం నేను చూసింది అదే మొదలు. నాకూ కళ్లు తడిశాయి. ఎవరైనా అడిగితే మిరపకాయలు పడుతున్నారని చెబుదామనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంజను మోగడం, "వా" అనడం, గుడ్డు పెట్టడం. ఇప్పుడు అక్క గుడ్డు మోసుకెళ్లదు. వాడే చప్పుడు దగ్గరికి రావాలి. వాడికి కష్టం కాలేదు, అక్కకే అయింది. పుట్టినప్పటి నుంచీ నాలుక మీద ఉన్న మాట ఊరికే దిగుతుందా? కంగారు పడితే చాలు "దా" అనేసేది, పులిగాడు రెండడుగులు వెనక్కి వేసి అయోమయంగా చూసేవాడు. అందుకని నోరు తిరగడానికి అందరినీ "వా" అని పిలవడం మొదలుపెట్టింది. పాలవాణ్ని వా అంది. నన్ను వా అంది.

"అన్నానికి వా" అని ఒక మధ్యాహ్నం బావను పిలిచింది.

"నన్ను దోర్లీల పిలుస్తవేంది?"

"తెలుగుల పిలిస్తె ఎన్నడన్న ఒక్క పిలుపుకు వచ్చినవా?"

బజారంతా నవ్వింది. బావ లేచి వెళ్లాడు, అదీ ఒక్క పిలుపుకే.

దీపావళి వచ్చింది. మా బజారులో లక్ష్మీపూజ ముగియగానే దుకాణాల వాళ్లు పోటీలు పడి టపాకాయలు కాలుస్తారు. ఎవరి వాకిట్లో ఎక్కువ కాగితాలు పడితే వాళ్లకు ఆ ఏడు వ్యాపారం బాగుంటుందని నమ్మకం. దీపాల వేళకు అక్క ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హ్యాండిల్ తిప్పింది. తొట్టిలో గుడ్డు వేసింది.

"లచ్చిందేవి పూజనాడు గూడనా?" అన్నాడు బావ నీరసంగా.

"లచ్చిందేవి ఇంట్లున్నది. ఇది గిర్నీ."

తాడుతో కట్టేయమని నేను చెప్పాను. అక్క ఒప్పుకోలేదు. "కట్టేస్తే ఉన్నట్టు కాదు పిల్లా. వాడంతట వాడు ఉండాలె." పులిగాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని గిర్నీ మెట్టు మీద కూర్చుంది. బావ అరుగు చివర నిలబడ్డాడు. ఆయన పాదాలు చెప్పుల్లోనే ఉన్నాయి, ఏ క్షణాన వెంట పరుగెత్తాల్సి వస్తుందోనని.

మొదటి సరాలు పేలాయి. పులిగాడు వణికాడు, కదల్లేదు. చిచ్చుబుడ్లు వెలిగాయి, రాకెట్లు లేచాయి. వాడు ఇంజను వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో పక్క సందులో ఎవడో బుద్ధిలేనివాడు సుత్లీ బాంబు మీద నూనె డబ్బా బోర్లించి వెలిగించాడు. భూమి అదిరింది. డబ్బా మా తలల మీదుగా ఎగిరి రోడ్డు మీద పడింది. మేం తేరుకుని చూసేసరికి మెట్టు మీద కుక్క లేదు. పెద్ద రోడ్డు వైపు, చీకట్లోకి పరుగెడుతున్న చారలు మాత్రం కనిపించాయి. ఆ మలుపు దగ్గర ఏదో బండి లైట్లు కూడా కనిపించాయి.

అక్క లేచి నిలబడి నోరు తెరిచింది. కంగారులో ఏ మాట వస్తుందో నాకు తెలుసు. ఆవిడకూ తెలిసినట్టుంది. తెరిచిన నోరు మూసింది. ఊపిరి నిండా పీల్చుకుని, ఇంజను చప్పుడును మించి అరిచింది.

"పులీ! వా!"

వాడు ఆగాడు. బండి వాడి ముందు నుంచి దాటిపోయింది. ఇక ముందంతా చీకటి, నిశ్శబ్దం. వెనక బజారంతా పేలుతోంది, నిప్పులు రాలుతున్నాయి, ఇంజను మోగుతోంది. పారిపోవాలంటే దారి ఖాళీగా ఉంది. అదే క్షణంలో ఇంకో బాంబు పేలింది. వాడి ఒళ్లు ఎగిరిపడటం ఇక్కడి నుంచే కనిపించింది.

"వా బిడ్డా, వా!"

పులిగాడు తిరిగాడు. చెవులు తలకు అంటించుకుని, పొట్ట నేలకు ఆనించినంత వంగి, ఆ చప్పుడు ఉన్న వైపుకే పరుగెత్తుకుంటూ వచ్చాడు. దారిలో సరాలు పేలుతూనే ఉన్నాయి. వాడు పక్కకు తప్పుకున్నాడు, దూకాడు, కానీ ఆగలేదు. వచ్చి అక్క ఒళ్లో పడ్డాడు. అక్క వాణ్ని పొదువుకుని మెట్టు మీద కూలబడింది. వాడి గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో చూడమని నా చేయి లాగి వాడి డొక్క మీద పెట్టింది. నిజంగానే ఇంజను లాగే కొట్టుకుంటోంది. భయం ఎక్కడికీ పోలేదు. ఆ భయంతోనే వాడు వెనక్కి వచ్చాడు. నేను చేయి తీయలేదు. నా చేతి కిందే అది మెల్లమెల్లగా నెమ్మదించింది. కుక్కను ముట్టుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

కాశీవిశ్వనాథం బావ వచ్చి మా ముందు నిలబడ్డాడు. బజారంతా టపాకాయలు ఆపి మా వైపే చూస్తోంది. చెప్పులు విప్పి మెట్టు మీద పులిగాడికి ఇటు పక్క కూర్చున్నాడు. "ఇగ చేను ముచ్చట నేనెత్తను" అన్నాడు నేల చూస్తూ. అక్క తల ఊపింది.

అంతవరకు ఆయన దాన్ని అది అని, కుక్క అని తప్ప ఇంకో మాటతో పిలవలేదు. అలాంటిది ఉన్నట్టుండి లేచి నిలబడి, చేతులు రెండూ పైకెత్తి, బజారు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేలా కేకేశాడు.

"ఏం సూస్తున్రు? ఆపిన్రేంది? ఇంకోటి కాల్చున్రి! గట్టిది కాల్చున్రి! మావోడు ఉరకడు, సూస్తడు!"

అవతలి దుకాణం వాళ్లు పెద్ద సరం వెలిగించారు. అది పేలినంతసేపూ మేం ముగ్గురం, పులిగాడు మెట్టు మీద కూర్చుని చూశాం.